బంగారం బ్యాంకు లాకర్లో, మాత్రలు బాత్రూమ్ అలమరలో: ఒక ఓపెన్ హౌస్ దొంగతనం కేసు

టెక్సస్‌లో, డాలస్ దగ్గరున్న ఫ్రిస్కోలో అమ్మకానికి పెట్టిన రెండంతస్తుల ఇల్లు. భార్యాభర్తలిద్దరూ ఐటీ ఉద్యోగులు, తొమ్మిదో తరగతి చదివే కొడుకు. కూతురి దగ్గర ఆరు నెలలు ఉందామని విజయవాడ నుంచి వచ్చిన ఆవిడ అమ్మానాన్నలు కూడా అదే ఇంట్లో ఉన్నారు. ఇల్లు మొదట వేరే ఏజెంట్ దగ్గర లిస్ట్ అయింది. ఆ లిస్టింగ్‌లో ఓపెన్ హౌస్, అంటే ఎవరైనా నేరుగా వచ్చి ఇల్లు చూసుకునే రోజు, జరిగింది. దాని తర్వాత ఇంట్లో వస్తువులు పోయాయి. ఆ ఏజెంట్‌తో ఒప్పందం గడువు తీరాక వాళ్లు నా దగ్గరికి వచ్చారు. నేను కూడా ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంట్‌నే. ఏం జరిగిందో, రెండోసారి మేమేం మార్చామో వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ముందు ఒక మాట చెప్పాలి. ఈ కుటుంబం అజాగ్రత్తగా ఉండే కుటుంబం కాదు. ఫొటోలు తీయకముందే హారం, వడ్డాణం, గాజులు, పిల్లాడి చిన్నప్పటి మొలతాడు అన్నీ తీసుకెళ్లి బ్యాంకు లాకర్లో పెట్టేశారు. దానికి కారణం ఉంది. 2011 నుంచి 2014 వరకు జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిషిగన్, టెక్సస్ రాష్ట్రాల్లో ఒక ముఠా భారతీయ, ఇతర ఆసియా కుటుంబాల ఇళ్లను ఏరికోరి దోచుకుంది. మనవాళ్ల ఇళ్లలో బంగారం ఉంటుందన్నదే వాళ్ల లెక్క. ఆ ముఠాను నడిపిన ఆవిడకు 2020 జనవరిలో మిషిగన్ ఫెడరల్ కోర్టు 37 ఏళ్ల శిక్ష వేసింది. డాలస్ చుట్టుపక్కల మన కుటుంబాల్లో ఆ కథ తెలియనివాళ్లు తక్కువ. అందుకే బంగారం విషయంలో ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. ఈ ఇంట్లో పోయింది బంగారం కాదు.

ఏం పోయాయి

పూజగదిలోంచి వెండి కుంకుమ భరిణ పోయింది. మాస్టర్ బాత్రూమ్ అలమరలో ఇంటాయన భుజం ఆపరేషన్ తర్వాత మిగిలిన హైడ్రోకోడోన్ నొప్పి మాత్రలు చాలావరకు పోయాయి. పిల్లాడి ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత నిలవని సమస్యకు) వాడే ఆడరాల్ క్యాప్సూల్స్‌లో సగానికి దగ్గరగా పోయాయి. పెద్దావిడ ఇండియా నుంచి తెచ్చుకున్న, ఆందోళనకు వాడే ఆల్ప్రాజోలామ్ స్ట్రిప్పులు రెండు పోయాయి.

బాటిళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. మూతలు పెట్టి ఉన్నాయి. తీసుకున్నవాళ్లకు పని తెలుసు. బాటిల్ మాయమైతే సాయంత్రానికే గొడవ మొదలవుతుంది. అందులోంచి కొన్ని తీసి మళ్లీ అక్కడే పెడితే, వాడే మనిషి లెక్క చూసుకునే వరకు ఎవరికీ తెలియదు. మాత్రలు లెక్కపెట్టుకుని వాడేవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఆ ఇంట్లో ఒక్కరున్నారు, పెద్దావిడ. ఆదివారం ఓపెన్ హౌస్ అయింది. శుక్రవారం పూజకు కూర్చున్నప్పుడు భరిణ కనబడలేదు. ఎక్కడో సర్ది మర్చిపోయామని ఇల్లంతా వెతికారు. ఆవిడకు మాత్రం అనుమానం వచ్చి తన మందుల సంచి దించి చూసుకున్నారు. తిరుగు ప్రయాణం తేదీ వరకు రోజుకెన్ని కావాలో లెక్కగట్టి విజయవాడలోనే కొనుక్కుని వచ్చిన మనిషి కాబట్టి రెండు స్ట్రిప్పులు తక్కువని వెంటనే తేలిపోయింది. అప్పుడు గానీ మిగతావాళ్లు బాత్రూమ్‌లో బాటిళ్లు తెరిచి చూడలేదు. పిల్లాడి బాటిల్ అంతకు ముందు వారమే ఫార్మసీ నుంచి నిండుగా వచ్చింది. ఆవిడ లెక్క లేకపోతే అది ఖాళీ అయ్యే రోజున ఫార్మసీవాళ్లు తక్కువిచ్చారనుకునేవారు.

ఎవరు తీశారో తేలలేదు

ఆ ఆదివారం ఏజెంట్ ఒక్కరే ఉన్నారు. కింద వంటింటి దగ్గర నిలబడి వచ్చినవాళ్లతో మాట్లాడుతున్నారు. పైన మూడు బెడ్‌రూములు, రెండు బాత్రూములు. ఎవరు ఎప్పుడు పైకి వెళ్లారో చూసే మనిషి లేరు. సంతకాల కాగితం మీద సగం పేర్లు చదవడానికే రావు, ఫోన్ నంబర్లు నిజమైనవో కావో ఎవరూ సరిచూడలేదు. పైగా శుక్రవారం లోపల లాక్‌బాక్స్ (ఏజెంట్ల కోసం ఇంటి తాళంచెవి ఉంచే పెట్టె) తెరుచుకుని బయ్యర్లను తీసుకొచ్చిన ఏజెంట్లూ ఉన్నారు. లాక్‌బాక్స్ లాగ్‌లో వాళ్ల పేర్లు, వేళలు ఉంటాయి గానీ వాళ్ల వెంట వచ్చినవాళ్ల పేర్లుండవు. పోలీసులు రిపోర్టు తీసుకుని కేసు నంబరు ఇచ్చారు. ఎవరినీ పట్టుకోలేదు. ఎవరినైనా వేలెత్తి చూపడానికి ఆధారం కూడా లేదు.

ఇలాంటి దొంగలు ఎలా ఉంటారో అనే ఊహ మనల్ని దారి తప్పిస్తుంది. లాస్ ఏంజెలెస్‌లో ఓపెన్ హౌస్‌లకు కొనుగోలుదారుడిలాగా, ఏజెంట్‌లాగా ఖరీదైన బట్టల్లో వచ్చి ఇళ్లు చూసుకుని, తర్వాత వాటిలోనే దొంగతనాలు చేశాడన్న కేసును అక్కడి పోలీసులు 2019 జనవరిలో బయటపెట్టారు. రెండు వేలకు పైగా వస్తువులు దొరికాయి. బాధితుల్లో పేరున్న గాయకులు కూడా ఉన్నారు. అంటే మనిషి వాలకం చూసి జాగ్రత్తపడదామంటే కుదరదు. అది న్యాయం కూడా కాదు. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లను జాతి, రంగు, మతం లాంటివాటిని బట్టి వేరుగా చూడకూడదు. ఐడీ అడిగితే అందరినీ అడగాలి, లేదా ఎవరినీ అడగకూడదు. మనుషుల మీద అనుమానంతో పని మొదలుపెడితే తప్పు మనిషిని అవమానిస్తాం, అసలు మనిషిని వదిలేస్తాం. నేను వస్తువుల దగ్గర మొదలుపెడతాను.

పోయినదాని అసలు ఖరీదు

మాత్రల ధర చూస్తే, ఇన్సూరెన్స్ పోను మన వాటాగా కట్టే కాపే కొన్ని డాలర్లే. కష్టం ధరలో లేదు. ఆడరాల్, హైడ్రోకోడోన్ రెండూ షెడ్యూల్ 2 మందులు, అంటే దుర్వినియోగమయ్యే ప్రమాదం ఉందని ప్రభుత్వం గట్టిగా నియంత్రించే జాబితాలోవి. హైడ్రోకోడోన్ కలిసిన మాత్రలను 2014 అక్టోబరులో ఆ షెడ్యూల్‌లోకి మార్చారు. షెడ్యూల్ 2 మందులకు రీఫిల్ ఉండదు, ప్రతిసారీ డాక్టరు కొత్త ప్రిస్క్రిప్షన్ రాయాలి. నెల తిరగకముందే "పోయాయి, మళ్లీ రాయండి" అంటే డాక్టరుకు సహజంగానే అనుమానం వస్తుంది. నిజంగా పోగొట్టుకున్నవాళ్లూ, అబద్ధం చెప్పేవాళ్లూ అదే మాట చెబుతారు మరి. పోలీసు రిపోర్టు తెమ్మన్నారు. ఇన్సూరెన్స్ వాళ్లు ఇంకా సమయం కాలేదని మొదట ఒప్పుకోలేదు. అంతా తేలేసరికి పిల్లాడికి కొన్ని రోజులు మందు లేకుండా గడిచింది. అవి పరీక్షల రోజులు. ఆ తల్లి నాతో చెప్పిన మాట: "అక్కా, హారం పోయినా ఇంత టెన్షన్ పడేదాన్ని కాదేమో."

పెద్దావిడ సంగతి ఇంకా ఇబ్బంది. ఇండియాలో డాక్టరు రాసిన చీటీకి ఇక్కడి ఫార్మసీ మందివ్వదు. పైగా ఆల్ప్రాజోలామ్ లాంటి మందును అలవాటైన మనిషి ఒక్కసారిగా ఆపకూడదు. విజిటర్ ఇన్సూరెన్స్ మీద ఇక్కడి డాక్టరుకు చూపించి, చరిత్రంతా చెప్పి, కొత్తగా రాయించుకోవాల్సి వచ్చింది.

ఇంటి ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకున్నారు గానీ అది ఉపయోగపడలేదు. భరిణ ఖరీదు వాళ్ల డిడక్టిబుల్‌ (బీమా చెల్లించే ముందు మనమే భరించాల్సిన మొత్తం) కన్నా చాలా తక్కువ. ఈ సందర్భంలోనే ఇంకో విషయం చెప్పాలి. ఇంటి బీమాలో మామూలుగా తీసుకునే హెచ్‌ఓ-3 రకం పాలసీల్లో నగలు దొంగతనానికి గురైతే మొత్తం కలిపి సాధారణంగా 1,500 డాలర్లు, నగదు అయితే 200 డాలర్ల లాంటి చిన్న పరిమితులే ఉంటాయి. నగలను పాలసీలో విడిగా, వాటి విలువతో నమోదు చేయించుకోకపోతే మన ఇళ్లలో ఒక్క గొలుసుకే ఆ డబ్బు చాలదు. బ్యాంకు లాకర్లో పెట్టినదానికి ఎఫ్‌డీఐసీ (బ్యాంకు డిపాజిట్లకు ప్రభుత్వ బీమా ఇచ్చే సంస్థ) బీమా ఉంటుందని కూడా చాలామంది అనుకుంటారు. ఉండదు. అది ఖాతాలో డబ్బుకే.

ఇంతకీ మాత్రలే ఎందుకు? నొప్పి మాత్రలను తప్పుగా వాడేవాళ్లలో సుమారు సగం మందికి అవి స్నేహితుల దగ్గరో బంధువుల దగ్గరో దొరికినవేనని అమెరికా ప్రభుత్వ సర్వేలు ఏళ్ల తరబడి చెబుతున్నాయి. ఇచ్చినవో, కొన్నవో, చెప్పకుండా తీసుకున్నవో. అంటే ఈ మందులు వీధిలోకి చేరే పెద్ద దారుల్లో ఇంటి బాత్రూమ్ అలమర ఒకటి. ఓపెన్ హౌస్ రోజున ఆ అలమర దాకా ముక్కూమొహం తెలియని మనుషులను మనమే పిలుస్తున్నాం.

రెండోసారి

నా మొదటి పని ఇల్లంతా తిరగడం. స్టేజింగ్ కోసం, అంటే అమ్మకానికి ఇల్లు అందంగా అమర్చడం కోసం కాదు. జేబులోనో హ్యాండ్‌బ్యాగులోనో పట్టేవి ఏమున్నాయని చూస్తూ తిరిగాను. ఇందులో నేను పాటించే నియమం ఒకటుంది. ఇంటితో పాటు అమ్ముడయ్యే ప్రతి తలుపునూ బయ్యర్ తెరుస్తాడు, తెరిచే హక్కు అతనికుంది. ప్యాంట్రీ, క్లోజెట్, వంటింటి సొరుగులు, అద్దం వెనకున్న మందుల అలమర అన్నీ అందులోకే వస్తాయి. మంచం పక్క టేబుల్ సొరుగు, డ్రెస్సర్, ఆఫీసు డెస్క్ మీ ఫర్నిచర్. వాటిని తెరవకూడదు. కాబట్టి గోడకు బిగించిన అలమరల్లో విలువైనది ఏదీ ఉండకూడదు. మీ ఫర్నిచర్‌లో కూడా తాళం లేకుండా ఉండకూడదు. బియ్యం డబ్బాలో బంగారం దాచే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. ప్యాంట్రీ ఎంత లోతుందో చూడటానికి ఆ డబ్బాను పక్కకు జరిపేవాళ్లను నేను చూశాను.

తర్వాత మందులన్నీ డైనింగ్ టేబుల్ మీదికి తెప్పించాను. పెద్దావిడ మందుల సంచి కూడా పెద్దదే.

"అమ్మాయ్, బీపీ మాత్రలు ఎవరెత్తుకుపోతారు? అవి ఇక్కడే ఉండనివ్వు," అన్నారావిడ.

"బీపీ మాత్రలు ఎత్తుకుపోరమ్మా. కానీ దొంగకు ఇండియా స్ట్రిప్పుల పేర్లు తెలియవు. ఏదో ఒకటని మొత్తం సంచి పట్టుకుపోతే మీకు రేపటి మాత్ర ఎక్కడ తేవాలి?" అన్నాను. ఒప్పుకున్నారు.

మందులను మూడు భాగాలు చేశాం. ఇక అక్కర్లేనివి, అంటే ఇంటాయన మిగిలిన నొప్పి మాత్రలు, పాత దగ్గు సిరప్, గడువు దాటినవి ఒక వైపు. వీటిని ఇంట్లో దాచడం కాదు, వదిలించుకోవడమే సరైన పని. నియంత్రిత మందులను వెనక్కి తీసుకునే పెట్టెలు ఇప్పుడు చాలా ఫార్మసీల్లో, కొన్ని పోలీస్ స్టేషన్లలో ఉన్నాయి. డీఈఏ (నియంత్రిత మందులను పర్యవేక్షించే ఫెడరల్ సంస్థ) 2010లో మొదలుపెట్టిన టేక్ బ్యాక్ డే కూడా ఇప్పుడు ఏటా ఏప్రిల్‌లో, అక్టోబరులో నడుస్తోంది. అక్కడ పేరు అడగరు, డబ్బు అడగరు. ఆపరేషన్ తర్వాత మాత్రలు మిగిలితే "ఎప్పుడైనా పనికొస్తాయి" అని ఉంచుకోవడం మన అలవాటు. ఈ ఇంట్లో దొంగకు దొరికినవాటిలో అలాంటి బాటిల్ ఒకటి.

రెండో భాగం రోజూ కావలసిన నియంత్రిత మందులు. వీటికి చిన్న తాళం సంచి కొన్నారు. ఇల్లు చూపించే ప్రతిసారీ అది వాళ్లతో పాటే బయటికి వెళ్తుంది. కారు డాష్‌బోర్డులో పెట్టి వెళ్లడం వద్దన్నాను. టెక్సస్ ఎండలో కారు లోపలి వేడికి మందు పాడవుతుంది, కారు అద్దం పగలగొట్టడం ఇల్లు దోచడం కన్నా తేలిక. మూడో భాగం మిగతావన్నీ. బీపీ, థైరాయిడ్, షుగర్ మాత్రలు, ఫ్రిజ్‌లో ఉన్న పెద్దాయన ఇన్సులిన్ పెన్నులు. వీటిని కూడా చల్లటి పౌచ్‌తో సహా ఒకే సంచిలో పెట్టించాను. ఎవరూ దొంగిలించకపోయినా, బాటిల్ మీద పేరు, డాక్టరు పేరు, జబ్బు ఏదో తెలిపే మందు పేరు ఉంటాయి. ఊళ్లోవాళ్లంతా చదవాల్సిన అవసరం లేదు.

పెద్దావిడ లెక్క పద్ధతినే ఇంటికంతా పెట్టాం. ఒక నోట్‌బుక్‌లో నియంత్రిత మందుల పేర్లు, తేదీ, ఎన్ని ఉన్నాయి అని రాసి, షోయింగ్ (బయ్యర్లకు ఇల్లు చూపించడం) అయిన సాయంత్రం మళ్లీ లెక్కపెట్టడం. ఆ పని ఆవిడే తీసుకున్నారు. వెండి సామానుకు, లాప్‌టాప్‌లకు, వాచీలకు ఫొటోలు, సీరియల్ నంబర్లు రాసుకున్నారు. పోయిందని మొదటి రోజే తెలిస్తే పోలీసు రిపోర్టులో వేళ ఉంటుంది, లాక్‌బాక్స్ లాగ్‌తో పోల్చి చూసుకోవచ్చు. అయిదు రోజుల తర్వాత తెలిస్తే అదేమీ కుదరదు.

పూజగది గురించి కొంచెం చర్చ జరిగింది. తలుపు మూసి తాళం వేస్తే బయ్యర్ ఆ గదిని చూడలేడు, అదొక క్లోజెట్‌గా పనికొస్తుందా లేదా అని చూసుకోవాలనుకుంటాడు. దేవుళ్లను తీసేయడం పెద్దావిడకు ఇష్టం లేదు. చివరికి వెండి విగ్రహాలు, కుందులు, పళ్లేలు ఇర్వింగ్‌లో ఉన్న ఇంటావిడ చెల్లెలింటికి వెళ్లాయి. పటాలు, ఒక ఇత్తడి కుంది ఇక్కడే ఉండిపోయాయి. దీపం ఆగలేదు.

డెస్క్ సొరుగు ఎవరూ తలుచుకోని చోటు. పాస్‌పోర్టులు, గ్రీన్ కార్డులు, సోషల్ సెక్యూరిటీ కార్డులు, చెక్ బుక్కులు, పెద్దవాళ్ల వీసా కాగితాలు అందులోనే ఉన్నాయి. వీటికోసం కూడా ఒక పెట్టె బయటికి వెళ్లింది. ఇక తలుపు పక్క మేకుకు వేలాడుతున్న స్పేర్ తాళాలు, రెండో కారు కీ, గ్యారేజ్ రిమోట్. రిమోట్ పోతే ఆ రోజు ఏమీ జరగదు. ఇంట్లో ఎవరూ లేని రాత్రి గ్యారేజ్ తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. ఫ్రిజ్ మీద అతికించిన ఫ్యామిలీ క్యాలెండర్‌లో "ఆస్టిన్ ట్రిప్" అని తేదీలతో రాసి ఉంది. దాన్నీ తీయించాను. ఫొటోగ్రాఫర్ వచ్చేది ఇవన్నీ సర్దాకే. లిస్టింగ్ ఫొటోలు, త్రీడీ టూర్ ఇంటర్నెట్‌లో ఎంతకాలం తిరుగుతాయో ఎవరి చేతిలోనూ లేదు. అలారం ప్యానెల్, సేఫ్ ఉన్న గోడ వాటిలో కనబడకూడదు.

కెమెరాల విషయంలో వాళ్ల ఉత్సాహాన్ని కొంచెం తగ్గించాల్సి వచ్చింది. టెక్సస్‌లో మాటలు రికార్డు చేయాలంటే మాట్లాడేవాళ్లలో కనీసం ఒకరు ఒప్పుకుని ఉండాలి. యజమాని ఎక్కడో కూర్చుని, తన ఇంట్లో బయ్యరూ వాళ్ల ఏజెంటూ మాట్లాడుకునేది రికార్డు చేస్తే ఆ సంభాషణలో ఆయన లేడు. అది నేరమవుతుంది. కాబట్టి ఆడియో ఆపేసి, వీడియో మాత్రం ఉంచి, కెమెరాలున్నాయని గుమ్మం దగ్గర కాగితం అంటించి, షోయింగ్ సూచనల్లో కూడా రాశాం.

ఓపెన్ హౌస్ రోజు

షోయింగ్‌లన్నీ అపాయింట్‌మెంట్ మీదే. బ్లూటూత్ లాక్‌బాక్స్ తప్ప కోడ్ నంబరు డబ్బాలు వద్దన్నాను. ఒకరికి చెప్పిన నంబరు పదిమందికి తెలుస్తుంది. 2024 ఆగస్టు 17 నుంచి, బయ్యర్‌కు ఇల్లు చూపించే ముందు వాళ్ల ఏజెంట్ వాళ్లతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలన్న నియమం వచ్చింది. దాని ఉద్దేశం కమిషన్ వ్యవహారమే అయినా, ఇంట్లోకి తీసుకొస్తున్న మనిషి ఎవరో ఏజెంట్‌కు తెలియడం మాకు మేలే చేసింది. ఓపెన్ హౌస్‌కు నేరుగా వచ్చేవాళ్లకు మాత్రం ఆ నియమం వర్తించదు. అందుకే అక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి.

గుమ్మం దగ్గర టాబ్లెట్‌లో పేరు, ఫోన్ నంబరు. ఆ నంబరుకు వెంటనే మెసేజ్ వెళ్తుంది, అది వచ్చిందో లేదో అక్కడే చూస్తాం. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇదే పద్ధతి. కింద నేను, పైన నా సహోద్యోగి. పైకి వెళ్లేవాళ్లతో ఆవిడ కూడా గది గదికీ వెళ్తారు. "ఇక్కడ సాయంత్రం ఎండ పడదు, చూడండి" అంటూ మాట్లాడుతూ ఉంటారు కాబట్టి అది కాపలాలా ఉండదు, ఇల్లు అమ్మడంలా ఉంటుంది. ఒకేసారి ఎక్కువమంది వస్తే మిగతావాళ్లను కాసేపు కింద ఆపుతాం. ఒక్క ఏజెంట్ రెండంతస్తుల ఇంట్లో ఓపెన్ హౌస్ నడపడం సరికాదని నా అభిప్రాయం. వస్తువుల భద్రతకే కాదు, ఏజెంట్ భద్రతకు కూడా. మనిషి దొరకకపోతే ఓపెన్ హౌస్ వాయిదా వేయడమే మేలు.

ఆ మధ్యాహ్నం ఒక జంట వచ్చింది. ఆయన నాతో హెచ్‌ఓఏ (కాలనీ ఇంటి యజమానుల సంఘం) ఫీజు, స్కూల్ జోన్ అంటూ ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూ నిలబడ్డారు. ఆవిడ నేరుగా పైకి వెళ్లి, బాత్రూమ్ అలమర తెరిచి, మూసి, ఇంకో బాత్రూమ్‌లోకి వెళ్లారు. నా సహోద్యోగి పక్కనే ఉన్నారు. అలమరలో టూత్‌పేస్ట్ తప్ప ఏమీ లేదు. వాళ్లు దొంగలని నేననను. భార్యాభర్తలు ఇల్లు చూసేటప్పుడు అలా విడిపోవడం మామూలే, అలమర తెరవడం కూడా మామూలే. వాళ్లు ఎవరైనా మాకు తేడా పడలేదు. అంతకంటే మాకేం కావాలి?

అందరూ వెళ్లాక నేను చేసే పని ఒకటుంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. ప్రతి కిటికీ గొళ్లెం, పెరటి తలుపు, గ్యారేజ్ పక్క తలుపు చేత్తో తోసి చూస్తాను. పగలు వచ్చి గొళ్లెం తీసి వెళ్లి రాత్రి అదే దారిలో లోపలికి రావడం పాత ఎత్తు. ఆ రోజు పైన గెస్ట్ రూమ్ కిటికీ గొళ్లెం తీసి ఉంది. గాలి కోసం తీశారో, మరెందుకో తెలియదు. వేసేశాను.

కాంట్రాక్ట్ తర్వాత

ఇల్లు మా లిస్టింగ్‌లోనే కాంట్రాక్ట్‌లోకి వెళ్లింది, అంటే ఒక బయ్యర్‌తో అమ్మకం ఒప్పందం కుదిరింది. నోట్‌బుక్‌లో లెక్క ఒక్కరోజు కూడా తప్పలేదు. అక్కడితో కుటుంబం ఊపిరి పీల్చుకుని మందులు మళ్లీ బాత్రూమ్‌లో సర్దడం మొదలుపెట్టింది. ఆపమన్నాను. సంతకాలయ్యాకే ఇంట్లోకి ఎక్కువమంది వస్తారు. ఆప్షన్ పీరియడ్‌లో (బయ్యర్ ఒప్పందం నుంచి వెనక్కి తగ్గే వీలున్న మొదటి రోజుల్లో) ఇన్‌స్పెక్టర్ గంటల తరబడి ఉంటాడు, చెదల పరీక్షకు ఒకరు, ఇంటి విలువ కట్టే అప్రైజర్ ఒకరు, ఫౌండేషన్ చూడటానికి ఇంకొకరు. కొలతలు తీసుకుంటామని బయ్యర్ల వైపు పెద్దవాళ్లు కూడా వస్తారు. వీళ్లలో ఏ ఒక్కరినీ నేను అనుమానించను. కానీ ఎవరికీ కనబడే చోట మందులు ఉండాల్సిన అవసరమూ లేదు. ఇన్‌స్పెక్షన్ రోజున తాళం సంచి, మందుల సంచి, కాగితాల పెట్టె మూడూ వాళ్లతోనే చెల్లెలింటికి వెళ్లాయి. సామాను సర్దడానికి మూవర్స్ వచ్చిన రోజున కూడా అంతే. ఆ మూడూ అట్టపెట్టెల్లోకి, ట్రక్కులోకి వెళ్లకుండా కొత్త ఇంటికి వాళ్ల కారులోనే చేరాయి. ఫైనల్ వాక్-త్రూకు (బయ్యర్లు చివరిసారి ఇల్లు తిరిగి చూసుకోవడానికి) ముందు గ్యారేజ్ రిమోట్లు లెక్కపెట్టి బయ్యర్ ఏజెంట్‌కు అప్పజెప్పాను. ఇంటి తాళాలు మార్చుకోమని, గ్యారేజ్ రిమోట్ల పాత కోడ్లు చెరిపేయించుకోమని బయ్యర్లకు చెప్పించాను.